వెన్ను ఆపరేషన్ ముప్పులు: అపోహలు – వాస్తవాలు

నడుం ఆపరేషన్ అనగానే ఇంట్లో మొదట వినిపించే మాట "కాళ్లు పడిపోతాయట". ఈ ఒక్క భయం మిగతావాటన్నిటినీ కప్పేస్తుంది. నిజంగా కనిపెట్టుకుని ఉండాల్సిన ముప్పుల గురించి అడిగేవాళ్లు తక్కువ. ఇక్కడ ఎక్కువగా చెబుతున్నది పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారి కాలు లాగుతున్నప్పుడు, జారిన ముక్కను తీసేసే డిస్కెక్టమీ గురించి. స్క్రూలు వేసి పూసలను అతికించే ఫ్యూజన్ గురించి కూడా కొంత.

అపోహ: వెన్ను ఆపరేషన్ చేస్తే కాళ్లు చచ్చుబడతాయి

పెద్దవాళ్లలో వెన్నుపాము నడుం పైభాగంలోని ఎల్1, ఎల్2 పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్నుంచి కిందికి దిగేవి గుర్రపు తోకలాంటి విడివిడి నరాలు. డిస్క్ ఎక్కువగా జారేది ఇంకా కింద, ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 పూసల మధ్య. అంటే కత్తి పెట్టే చోట వెన్నుపామే ఉండదు. అక్కడ నరానికి దెబ్బ తగిలితే సాధారణంగా ఆ నరం చూసుకునే పనే చెడుతుంది. ఎల్5 అయితే పాదం పైకి లేవదు, నడుస్తుంటే చెప్పు జారిపోతుంది. అదీ అరుదే. మెడ, వీపు భాగాల్లో లెక్క వేరు, అక్కడ వెన్నుపాము ఉంటుంది కాబట్టి భయానికి అర్థముంది.

ఆపరేషన్ ఆలస్యం చేయడం వల్లే కాళ్లకు చేటు జరిగే సందర్భమూ ఉంది. పెద్ద డిస్క్ ముక్క ఆ గుర్రపు తోకనంతా నొక్కేస్తే మూత్రం ఆగిపోతుంది, మలద్వారం చుట్టూ మొద్దుబారుతుంది. కడుక్కునేటప్పుడు చెయ్యి తగిలినట్టు తెలియకపోతే అదే గుర్తు. దీనికి 48 గంటల్లోపు, వీలైతే ఇంకా ముందే ఆపరేషన్ జరగాలి.

అపోహ: కీహోల్‌లో చేస్తే రిస్కే లేదు

చర్మం మీద కోత చిన్నది, కండరానికి దెబ్బ తక్కువ, ఇంటికి త్వరగా వెళ్తారు. ఇవన్నీ నిజమే. కానీ లోపల నరం పక్కన చేసే పని మాత్రం అదే. నరాలను, వాటి చుట్టూ ఉండే నీటిని సంచిలా పట్టి ఉంచే పలచటి పొరను డ్యూరా అంటారు. అది చిరగడం మొదటిసారి డిస్క్ ఆపరేషన్లలో నూటికి మూడు నాలుగు సార్లు జరుగుతుంది. వయసు మళ్లినవాళ్లలో, పాత ఆపరేషన్ మచ్చ ఉన్నచోట ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ పొర చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుపోయి ఉంటుంది.

అప్పటికప్పుడు కనిపిస్తే సన్నటి దారంతో కుట్టి, పైన జిగురు వేసి, ఒకటి రెండు రోజులు వెల్లకిలా పడుకోబెడతారు. చాలామందికి ఆ తర్వాత ఏ ఇబ్బందీ ఉండదు. చిక్కల్లా కనిపించకుండా మిగిలిపోయిన చిరుగుతోనే. లేచి కూర్చుంటే తల పగిలిపోతుంది, పడుకుంటే తగ్గుతుంది. కట్టు మీద మధ్యలో ఎరుపు, చుట్టూ నీటి వలయంలా తడి కనిపించవచ్చు. మైగ్రేన్ అనుకుని మాత్ర మింగి ఊరుకోవద్దు.

అపోహ: పప్పు తింటే కుట్లకు చీము పడుతుంది

చీము పట్టించేది బ్యాక్టీరియా, ఎక్కువగా మన చర్మం మీద, ముక్కులో ఉండే స్టెఫైలోకాకస్. గాయం మానడానికి కావలసిన ప్రొటీన్ పప్పులో, గుడ్డులో ఉంటే, మనవాళ్లు సరిగ్గా వాటినే మాన్పిస్తారు! జాగ్రత్త పడాల్సింది షుగర్ విషయంలో. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటును చెప్పే రక్తపరీక్ష) 8 దాటి ఉంటే, అత్యవసరం కాని ఆపరేషన్‌ను వాయిదా వేసుకోవడమే మేలు. కోతకు ముందు గంటలోపు యాంటీబయోటిక్ పడాలి. ఇంట్లో రేజర్‌తో నడుం గీయించుకుని రావద్దు, ఆ సన్నటి గాట్లే క్రిములకు దారి.

ఇన్‌ఫెక్షన్ తరచుగా రెండు నుంచి నాలుగు వారాల మధ్య బయటపడుతుంది. తగ్గిన నొప్పి మళ్లీ పెరుగుతుంది, రాత్రి పక్క మీద ఒత్తిగిలనివ్వదు. జ్వరం ఉండి తీరాలని లేదు. సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) రెండో మూడో రోజున బాగా పెరిగి, తర్వాత దిగిపోవాలి. దిగి మళ్లీ ఎక్కితే అనుమానించాలి.

అపోహ: నెల రోజులు మంచం దిగకూడదు

దిగాలి. సాధారణంగా అదే రోజు, లేదా మర్నాడు. పడుకునే ఉంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదముంది. కొన్ని వారాలపాటు మానాల్సింది వంగడం, బిందెలు ఎత్తడం.

అపోహ: స్క్రూలు వేశారు, ఇక జీవితాంతం ఢోకా లేదు

టైటానియం స్క్రూలు, రాడ్లు పందిరికి వేసిన గుంజల్లాంటివి. ఎముక ఎముకతో అతుక్కునేదాకా నిలబెట్టడమే వాటి పని. దానికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. అతుక్కోకపోతే, పదేపదే వంచిన తీగలా రాడ్ విరుగుతుంది, లేదా స్క్రూ వదులవుతుంది. అతుకును చెడగొట్టేది నికోటిన్. చుట్టయినా ఖైనీ అయినా ఒకటే, పొగ లేదు కదా అన్న వాదన చెల్లదు. ఎముక గుల్లబారిన పెద్దవయసు ఆడవాళ్లలో స్క్రూకు పట్టు దొరకదు, కాబట్టి ముందే ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ అడగాలి. అతికిన పూసలు కదలవు గనక ఆ భారం పై డిస్క్ మీదో కింది డిస్క్ మీదో పడి, కొన్నేళ్లకు అదీ అరగవచ్చు.

అపోహ: తిమ్మిరి పోలేదంటే ఆపరేషన్ ఫెయిలే

కాలు లాగడం ముందు తగ్గుతుంది, తిమ్మిరి ఆఖర్న. దెబ్బతిన్న నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది, నెలలు పట్టడం మామూలే. కాలికి నొప్పి లేకుండా ఉత్త నడుం నొప్పికే డిస్క్ తీయించుకుంటే మాత్రం ఫలితం మీద ఆశ తక్కువ పెట్టుకోవాలి. అది ఆపరేషన్ తప్పు కాదు, ఎంపిక తప్పు. మిగిలిన డిస్క్ నుంచి మళ్లీ ముక్క జారడం నూటికి అయిదు నుంచి పది మందిలో ఉంటుంది.

అపోహ: మత్తు దిగి కాళ్లు కదిపితే గండం గడిచినట్టే

మొదటి రోజు ఇంకా కీలకం. లోపల రక్తం గడ్డకట్టి నరాలను నొక్కితే, కదిలిన కాలు కొన్ని గంటల్లో బలహీనపడుతుంది, నొప్పి మందులకు లొంగదు. మెడ ముందువైపు నుంచి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో మెడ ఉబ్బి ఊపిరి అందకపోవచ్చు. గుండెకు స్టెంట్ వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. సొంతంగా మాత్రం మానకూడదు, ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరు, సర్జన్ కలిసి తేల్చాలి. రాత్రి కాపలా ఉన్నవాళ్లు రెండు మూడు గంటలకోసారి కాలి బొటనవేలు పైకెత్తమని చూడాలి. తేడా వస్తే ఉదయం డాక్టరు వచ్చేదాకా ఆగొద్దు. వెంటనే నర్సును పిలిచి, "ఇందాక లేచిన వేలు ఇప్పుడు లేవడం లేదు" అని సరిగ్గా ఆ మాటే చెప్పాలి.