బెడ్స్ ఆర్ బర్నింగ్: పాటలోని ఆ ఊరి కథ

ఆస్ట్రేలియా బ్యాండ్ మిడ్‌నైట్ ఆయిల్ 1987లో విడుదల చేసిన "బెడ్స్ ఆర్ బర్నింగ్" పాటను రాక్ సంగీతం వినేవాళ్ళు ఒక్కసారైనా వినే ఉంటారు. పల్లవి చాలామందికి నోటికి వచ్చు. చరణాల్లో వచ్చే కింటోర్, యుయెండుము అనే ఊళ్ళ పేర్లు మాత్రం చెవిన పడి జారిపోతాయి. ఈ పాట ఎవరి గురించి పుట్టిందో తెలియాలంటే కింటోర్ నుంచే మొదలుపెట్టాలి.

కింటోర్ ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి పడమరగా సుమారు 530 కిలోమీటర్ల దూరంలో, ఎడారిలో ఉంటుంది. అది పింటుపి అనే ఆదివాసుల నేల. నీటి గుంటలు ఎక్కడున్నాయో, ఏ కాలంలో ఏ తిండి దొరుకుతుందో తెలుసుకుని తరతరాలుగా అక్కడ బతికినవాళ్ళు. 1960ల్లో దక్షిణ ఆస్ట్రేలియాలోని వూమెరా ప్రయోగ కేంద్రం నుంచి వదిలే రాకెట్ల దారి ఆ ఎడారి మీదుగానే వెళ్ళేది. అందుకే ప్రభుత్వ గస్తీ అధికారులు ఎడారిలో తిరిగి జనాన్ని కలుసుకున్నారు. చాలామందిని లారీల్లో తూర్పుగా ఉన్న పాపున్యాకు తరలించారు. ఆదివాసులను తెల్లవాళ్ళ జీవన పద్ధతిలో కలిపేయాలన్నది అప్పటి ప్రభుత్వ విధానం.

పాపున్యా వాళ్ళ ఊరు కాదు. వేరే భాషలవాళ్ళ మధ్య, వేరేవాళ్ళ నేల మీద, ఇరుకులో బతకాల్సి వచ్చింది. జబ్బులతో ఎంతోమంది చనిపోయారు. ఆ దుఃఖంలోనే 1971లో అక్కడి పెద్దలు తమ నేల కథలను బోర్డుల మీద చుక్కలుగా, గీతలుగా వేయడం మొదలుపెట్టారు. వాళ్ళకు దూరమైన నీటి గుంటలే ఆ బొమ్మల్లో ఉన్నాయి. ఇప్పుడు ప్రపంచమంతా మెచ్చుకునే ఎడారి చిత్రకళ అక్కడి నుంచి వచ్చిందే.

1976లో ఈ ఊళ్ళున్న నార్తర్న్ టెరిటరీ ప్రాంతంలో ఆదివాసుల భూహక్కుల చట్టం వచ్చింది. 1981లో పింటుపి కుటుంబాలు పాపున్యా వదిలి తమ నేలకు తిరిగి వెళ్ళి, కింటోర్‌లో కాపురాలు పెట్టాయి. దీన్ని గుర్తుపెట్టుకోవాలి. రాక్ బ్యాండ్ వచ్చి వాళ్ళను మేల్కొల్పలేదు, పాట పుట్టేనాటికే వాళ్ళు ఇంటికి చేరుకున్నారు.

1985లో ఉలూరు కొండను ప్రభుత్వం అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు తిరిగి అప్పగించింది. ఆ సందర్భంగా తీసిన ఒక డాక్యుమెంటరీ కోసం మిడ్‌నైట్ ఆయిల్ వేరే పాట రాసింది. మరుసటి ఏడాది పాపున్యాకు చెందిన వారుంపి బ్యాండ్‌తో కలిసి ఎడారి ఊళ్ళలో కచేరీలు చేసింది. సిడ్నీ పబ్బుల్లో పేరు తెచ్చుకున్న కుర్రాళ్ళు ఎర్రమట్టి మీద, ఎండలో, తమను ఎరగని జనం ముందు వాయించారు. వైద్యం, ఇళ్ళు ఎంత అధ్వాన్నంగా ఉన్నాయో కళ్ళారా చూశారు. ఆ ప్రయాణం నుంచి "డీజిల్ అండ్ డస్ట్" ఆల్బమ్, అందులో ఈ పాట వచ్చాయి. నేల వాళ్ళది, అద్దె కట్టాలి, తిరిగి ఇచ్చేయాలి. ఇంత సూటిగా చెప్పిన పాట అమెరికా చార్టుల్లో 17వ స్థానం దాకా వెళ్ళింది.

2000 అక్టోబర్ 1న సిడ్నీ ఒలింపిక్స్ ముగింపు సభలో బ్యాండ్ ఇదే పాట పాడింది. నల్ల బట్టల మీద తెల్లటి అక్షరాలతో "సారీ" అని రాసుకుని వేదిక ఎక్కారు. తల్లుల నుంచి లాక్కెళ్ళిన ఆదివాసీ పిల్లల విషయంలో ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పనన్న ప్రధాని జాన్ హోవర్డ్ ఆ సభలోనే ఉన్నారు. ఆ క్షమాపణ 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో చెప్పారు. అప్పటికి బ్యాండ్ గాయకుడు పీటర్ గారెట్ ఆయన మంత్రివర్గంలో ఉన్నారు.

ఒలింపిక్స్ ముగిసిన కొద్ది వారాలకే సిడ్నీలో ఇంకొకటి జరిగింది. నాకు దాని విలువ ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. కింటోర్‌లో కిడ్నీ జబ్బు వచ్చినవాళ్ళు డయాలసిస్ కోసం ఆలిస్ స్ప్రింగ్స్‌లోనే ఉండిపోవాల్సి వచ్చేది. అంటే మళ్ళీ ఊరు వదలడమే. పింటుపి చిత్రకారులు తమ బొమ్మలు వేలానికి పెట్టారు. పది లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైగా వచ్చాయి. ఆ డబ్బుతో మొదలైన ప్రయత్నం ఫలించి, 2004లో కింటోర్‌లోనే డయాలసిస్ ప్రారంభమైంది.