అండమాన్ ట్రంక్ రోడ్డు మీద ఒక రోజు: అపోహలు - వాస్తవాలు

"దారిలో జారవాలు కనిపిస్తారా?" పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లిపూర్‌కు కారు కావాలని ఫోన్ చేసేవారిలో చాలామంది కిరాయి ఎంతో అడగడానికి ముందే ఈ మాట అడుగుతారు. జారవాలంటే అండమాన్ అడవుల్లో బతికే ఒక ఆదిమ తెగ. పర్యాటకుల కోసం వాహనాలు తిప్పే పనిలో ఉన్నవాడిగా అన్నిటికన్నా ముందు దీనికే జవాబు చెప్పాలి. అంతకంటే ముందు, దారి తెలియనివారికి రెండు మాటలు.

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా మారింది. మా నోట మాత్రం ఇంకా పాత పేరే. అక్కడి నుంచి ఉత్తరాన డిగ్లిపూర్ దాకా 300 కిలోమీటర్లకు పైగా సాగేది అండమాన్ ట్రంక్ రోడ్డు. దక్షిణ అండమాన్, బారాటాంగ్, మధ్య అండమాన్, ఉత్తర అండమాన్ దీవులను వరసగా కలుపుకుంటూ వెళ్తుంది. ఆకాశం కనిపించనంత దట్టమైన అడవి, మడ చెట్ల మధ్య ఉప్పునీటి పాయలు, వక్కతోటలు, వరిచేలు, పగడపు తీరాలు అన్నీ ఒకే పగటిలో చూపించే దారి మన దేశంలో ఇలాంటిది మరొకటి ఉందని నేననుకోను.

అపోహ: జారవాలను చూడటం ఈ ప్రయాణంలో ఒక భాగం.

భాగం కాదు, నేరం. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి మిడిల్ స్ట్రెయిట్ జెట్టీ దాకా దాదాపు 50 కిలోమీటర్ల రోడ్డు జారవా రిజర్వు గుండా వెళ్తుంది. ఆదిమ తెగల రక్షణ కోసం 1956లో చేసిన నిబంధనల కింద 1957లో ఆ అడవిని వారికి కేటాయించారు. రోడ్డు పనులు మొదలైంది 1970లలో. అంటే వారి ఇంట్లో నుంచి మనం దారి వేసుకున్నాం. ఆ పనులను వారు ఏళ్ల తరబడి ప్రతిఘటించారు కూడా.

1990ల చివర్లో జారవాలు తమంతట తామే అడవి దాటి మన ఊళ్ల వైపు రావడం మొదలుపెట్టారు. ఆ వెంటనే, 1999లో, వారిలో తట్టు వ్యాపించింది. మనకు చిన్నప్పుడే టీకా వేసి మరిచిపోయే జబ్బు వారికి ప్రాణాంతకం కావచ్చు. 2011 జనాభా లెక్కల్లో ఆ తెగ మొత్తం నాలుగు వందల మంది కూడా లేరు. మీ కారులో దగ్గుతున్న పిల్లవాడు కిటికీలోంచి అందించే బిస్కెట్ ముక్క ఎంత దూరం పోగలదో ఈ లెక్కతో కలిపి ఆలోచించండి.

అందుకే అక్కడ వాహనాలను విడివిడిగా వదలరు. పోలీసుల కాపలాతో కాన్వాయ్‌గా పంపిస్తారు. గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు, ముందు బండిని దాటకూడదు, ఎక్కడా ఆపకూడదు, ఫోటో గానీ వీడియో గానీ తీయకూడదు, ఏదీ ఇవ్వకూడదు, ఏదీ తీసుకోకూడదు. జారవా స్త్రీలను తిండి ఆశచూపి పర్యాటకుల ముందు ఆడించిన వీడియో 2012లో బయటికి వచ్చి దేశమంతా తలదించుకున్నాక శిక్షలను ఇంకా పెంచారు. మా బండి ఎక్కేవారికి ముందే చెబుతాం: జిర్కాటాంగ్‌లో ఫోన్లన్నీ సంచిలోకి వెళ్తాయి, మిడిల్ స్ట్రెయిట్‌లోనే బయటికి వస్తాయి. దీనికి ఒప్పుకోని వారి బుకింగ్ తీసుకోం.

రిజర్వులోని రోడ్డు భాగాలను మూసేయాలని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. అయినా రోడ్డు నడుస్తూనే ఉంది. ఉత్తర దీవుల ఊళ్ల రోగులు, విద్యార్థులు, ఉల్లిపాయల బస్తాలు, సిమెంటు అన్నీ దీని మీదే కదులుతాయి. స్థానికుల అవసరం నాకు అర్థమవుతుంది. పర్యాటకుల బండ్లు మాత్రం ఇంకా తగ్గాలని, ఇదే రోడ్డు మీద అన్నం తింటున్నవాడిగానే అంటున్నాను. ఈ దారిలోని ఊళ్లయిన రంగత్, మాయాబందర్, డిగ్లిపూర్‌లకు పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రభుత్వ నౌకలు కూడా వెళ్తాయి. సమయం ఉన్నవారికి నేను మొదట చెప్పేది ఆ దారే.

అపోహ: 300 కిలోమీటర్లేగా, ఆరు గంటల్లో చేరిపోవచ్చు. తొమ్మిదింటికి బయలుదేరితే చాలు.

హైదరాబాద్ - విజయవాడ లెక్క ఇక్కడ పనిచేయదు. ఈ రోడ్డు మీద సమయాన్ని కిలోమీటర్లు నిర్ణయించవు, కాన్వాయ్, జెట్టీ నిర్ణయిస్తాయి. జిర్కాటాంగ్ నుంచి రోజుకు కొన్ని కాన్వాయ్‌లే ఉంటాయి, మొదటిది ఉదయం ఆరింటికి. అది అందుకోవాలంటే పోర్ట్ బ్లెయిర్‌లో నాలుగు కాకముందే బండి కదలాలి. తప్పితే తర్వాతి కాన్వాయ్ దాకా గంటల తరబడి గేటు ముందే కూర్చోవాలి. మిగతా సమయాలు అప్పుడప్పుడు మారుస్తుంటారు కాబట్టి ముందు రోజే కనుక్కోవాలి.

చీకట్లోనే చెక్‌పోస్టు ముందు బండ్ల వరస మొదలవుతుంది. డ్రైవర్లు ప్రయాణికుల పేర్లు, గుర్తింపు కార్డుల వివరాలు నింపిన ఫారం పట్టుకుని కౌంటరు దగ్గరికి పరుగులు తీస్తారు. పక్కనున్న కొట్లలో పూరీలు పొంగుతుంటాయి, వడ, సాంబారు దొరుకుతాయి. ఆధార్ జిరాక్సు రాత్రే డ్రైవరు చేతిలో పెట్టండి. ఒక్కరి కాగితం లేకపోయినా బండి మొత్తం ఆగిపోతుంది.

మిడిల్ స్ట్రెయిట్‌లో రోడ్డు నీటి ఒడ్డున ఆగిపోతుంది. అవతల బారాటాంగ్. గోదావరి పాయల మీద పంటు ఎక్కినవారికి ఇది కొత్తేమీ కాదు: బస్సులు, లారీలు, కార్లు, మనుషులు అందరూ ఒకే పంటు మీద. బస్సులకు, అత్యవసర వాహనాలకు ముందు చోటిస్తారు, మన వంతు వచ్చేదాకా నిలబడాలి. బారాటాంగ్ దాటాక హంఫ్రీ జలసంధి మీద ఇప్పుడు వంతెన ఉంది కాబట్టి అక్కడ రెండో పంటు బాధ తప్పింది. మధ్య, ఉత్తర అండమాన్‌ల మధ్య ఆస్టిన్ జలసంధి మీద చెంగప్ప వంతెన 2002 నుంచే ఉంది.

ఇవన్నీ కలిపి మొదటి కాన్వాయ్‌లో వెళ్లినవారు డిగ్లిపూర్ చేరేసరికి సాయంత్రం అవుతుంది. అదే రోజు తిరిగి రావడం కుదరని పని. ఒకే రోజులో వెళ్లి రావాలంటే బారాటాంగ్ దాకానే పెట్టుకోండి.

అపోహ: సాయంత్రం ఆరున్నర దాకా వెలుతురు ఉంటుంది.

అండమాన్ దీవులు మన తెలుగు నేలకు చాలా తూర్పున ఉన్నాయి, గడియారం మాత్రం అదే. డిసెంబరు మొదట్లో ఇక్కడ సాయంత్రం 5 గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు. అప్పటికి హైదరాబాద్‌లో ఇంకా ముప్పావు గంట పొద్దు ఉంటుంది. మాయాబందర్ దాటాక రోడ్డు మలుపుల మయం, వీధి దీపాలు ఉండవు, పశువులు రోడ్డు మీదే పడుకుంటాయి. అందుకే మధ్యాహ్న భోజనం రంగత్‌లో త్వరగా ముగించమని తొందరపెడతాను. తినేటప్పుడు తొందరపెట్టడం మర్యాద కాదని తెలుసు, కానీ ఆ అరగంట ఆలస్యం చివర్లో చీకటి ప్రయాణం అవుతుంది.

అపోహ: బారాటాంగ్‌లో లావా కక్కే అగ్నిపర్వతం ఉంది.

అక్కడున్నది బురద అగ్నిపర్వతం. భూమి లోపలి వాయువులు తడి బురదను పైకి తోస్తే చిన్న బుడగలు లేచి పగులుతాయి, చుట్టూ బూడిదరంగు బురద ఎండి పెళ్లలు కడుతుంది. వేడి లేదు, లావా లేదు. అది చూసి నిరాశపడేవారిని చూశాను. పది నిమిషాలు ఓపిగ్గా కూర్చుని ఒక్క బుడగ ఉబ్బి పగిలేదాకా చూస్తే భూమి లోపల ఏదో కదులుతోందని కళ్లకే తెలుస్తుంది. లావా కక్కేది బారెన్ దీవి. అది సముద్రంలో చాలా దూరాన ఉంది, ఈ రోడ్డుకు దానితో సంబంధం లేదు.

బారాటాంగ్‌లోని సున్నపురాయి గుహలకు వెళ్లేవారు జెట్టీ నుంచి చిన్న పడవలో మడ అడవి పాయ గుండా వెళ్లి, ఆపైన కిలోమీటరుకు పైగా నడవాలి. ఆటుపోట్లను బట్టి పడవ వేళలు మారతాయి. గుహలో వేలాడే రాళ్లను తాకకండి. నీటి చుక్క చుక్కకూ వేల ఏళ్లుగా పెరుగుతున్న రాయి అది, చేతి జిడ్డు అంటితే ఆ చోట పెరుగుదల దెబ్బతింటుంది. డిగ్లిపూర్ దాకా వెళ్లే రోజున మాత్రం గుహలు పెట్టుకోవద్దు.

అపోహ: ఖాళీ బీచ్ కనిపిస్తే దిగి ఈదవచ్చు.

మడ అడవి పాయలు సముద్రంలో కలిసే చోట్ల ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట కాలు కూడా తడపవద్దు. బోర్డు లేకపోతే పక్క ఊరివాళ్లను అడగండి.

అపోహ: అక్కడ హిందీ, బెంగాలీ తప్ప ఏమీ వినిపించవు.

2011 లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి, విశాఖ నుంచి నౌక కూడా నడుస్తుంది. రంగత్ బజారులో తెలుగులో మాట్లాడుతుంటే పక్క దుకాణంలోంచి "ఏ ఊరు బాబూ?" అని పలకరింపు వస్తుంది. మాయాబందర్ దగ్గర వెబి గ్రామం వైపు వెళ్తే 1925లో బర్మా నుంచి వచ్చిన కరెన్ తెగవారి వారసులు కనిపిస్తారు. ఈ దారిలో ఊరు ఊరుకూ భాష మారడం నాకు సముద్రం కన్నా ఎక్కువ నచ్చుతుంది.

అపోహ: డిగ్లిపూర్ చేరిన సాయంత్రమే రాస్ - స్మిత్ దీవులు చూసేయవచ్చు.

ఆ రెండు దీవులను కలిపే ఇసుకతిన్నె పోటు సమయంలో నీట మునుగుతుంది. పడవలు ఏరియల్ బే జెట్టీ నుంచి పగటిపూటే వెళ్తాయి, అనుమతి పత్రం కూడా కావాలి. చేరిన రాత్రి హాయిగా పడుకుని, మర్నాటి ఆటు ఎప్పుడో హోటల్‌లో అడిగి, దానికి గంట ముందే జెట్టీకి చేరండి.