పాత జెర్మేనియం ట్రాన్సిస్టర్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: తొలి ట్రాన్సిస్టర్ రేడియో సోనీది.
కాదు. అమెరికాలో 1954 అక్టోబరులోనే రీజెన్సీ టీఆర్-1 వచ్చేసింది. నాలుగు ట్రాన్సిస్టర్లు, 22.5 వోల్టుల బ్యాటరీ, ధర 49.95 డాలర్లు. సోనీ టీఆర్-55 ఆ మరుసటి ఏడాదిది. ఈ రెండిటికన్నా ముందే ట్రాన్సిస్టర్ చెవి మిషన్లలోకి ఎక్కింది. చెవి మిషన్లకు పెట్టిన పరీక్షల్లో నిలవని ట్రాన్సిస్టర్లనే రేథియాన్ కంపెనీ 1953 నుంచి సీకే722 పేరుతో అభిరుచిపరులకు అమ్మింది.

అపోహ: పెట్టె విప్పని ఏఎఫ్117 ట్రాన్సిస్టర్ అంటే కొత్తదే.
లోపలి జెర్మేనియం బాగానే ఉంటుంది, చెడేది దాని లోహపు డబ్బా. లోపలి తగరపు పూత నుంచి వెంట్రుకకన్నా సన్నని మీసాలు మొలిచి కాళ్లకు తగులుతాయి. కరెంటు పెట్టకపోయినా మొలుస్తాయి. నాలుగు కాళ్లలో ఒకటి డబ్బాకు కలిపిన షీల్డు. సెట్టులోంచి ఊడదీసి షీల్డుకూ మిగతా మూడింటికీ మధ్య విడివిడిగా మీటర్ ఓమ్స్‌లో పెట్టి చూడండి. ఏమాత్రం రీడింగు చూపినా మీసం ఉన్నట్టే. ఒక్క కాలికే తగిలితే షీల్డు కాలు కత్తిరిస్తే సెట్టు పలుకుతుంది. రెండిటికి తగిలితే అవి డబ్బా మీదుగా కలిసిపోతాయి, కత్తిరించి లాభం లేదు. కొందరు మూడు కాళ్లూ ముడేసి, ఛార్జి చేసిన కండెన్సర్‌ను షీల్డు మీద వదిలి మీసాన్ని కాల్చేస్తారు. అది మళ్లీ మొలవదని హామీ లేదు, మార్చేయడమే నయం.

అపోహ: ఓసీ71 ట్రాన్సిస్టర్ మీది నల్ల రంగు అందానికి.
అది గాజు గొట్టం. రంగు గీసుకుపోతే వెలుతురు లోపలి జంక్షన్ మీద పడి లీకేజి (ఆగాల్సినప్పుడూ కారే కరెంటు) పెరుగుతుంది, ట్యూబులైటు కింద 100 హెర్ట్జ్ గుయ్‌మంటుంది. చేత్తో నీడ పెట్టగానే ఆగితే దోషం అదే. నల్ల స్లీవు తొడిగితే సరి. ఇదే గుణాన్ని వాడుకుని ముల్లార్డ్ ఓసీపీ71 అనే ఫొటో ట్రాన్సిస్టర్ కూడా అమ్మింది!

అపోహ: మీటర్‌లో లీకేజి కనిపిస్తే పోయినట్టే.
జెర్మేనియానికి కొంత లీకేజి సహజం. వేడి 10 డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపవుతుంది. వేళ్లతో పట్టుకుని కొలవకండి.

అపోహ: రేడియో చివర స్పీకర్‌ను నడిపే ఏసీ128 జతలో ఒకదాని బదులు ఏ సిలికాన్ పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ అయినా చాలు.
ఏసీ128 బేస్‌కు 0.15-0.2 వోల్టులు చాలు, సిలికాన్‌కు 0.6 కావాలి. పాత బయాస్ (బేస్‌కు ముందే ఇచ్చి ఉంచే వోల్టేజి) మీద సిలికాన్‌ది సగం నిద్రలోనే ఉంటుంది: వాల్యూమ్ తగ్గిస్తే మాట చీలుతుంది, పెంచితే కాస్త కుదుటపడుతుంది. జత రెండూ మార్చి, బయాస్ రెసిస్టర్లు మళ్లీ లెక్కగట్టాలి.