చల్లబడింది సరే, డ్యూ పాయింట్ ఎంత?

మార్చి నుంచి మే దాకా అమెరికాలోని టెక్సస్, ఓక్లహోమా, కాన్సస్ వైపు వాతావరణ సూచనలో చాలామంది చూసేవి రెండే అంకెలు. పగటి ఉష్ణోగ్రత ఒకటి, వాన పడే అవకాశం ఎంత శాతమన్నది ఇంకొకటి. కోల్డ్ ఫ్రంట్ (ముందుకు దూసుకొచ్చే చల్లగాలి అంచు) వచ్చి ఒక్క రాత్రిలో 15 డిగ్రీలు పడిపోయి, తెల్లారేసరికి ఆకాశం నీలంగా తేటపడితే, ఈ వారానికి ఉరుముల టెన్షన్ తీరిందనుకుంటారు. ఒకటి రెండు రోజుల వరకు అది నిజమే. ఆ తర్వాతి సంగతి తెలియాలంటే డ్యూ పాయింట్ చూడాలి.

గాలిని ఎంతకు చల్లబరిస్తే అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలవుతుందో, ఆ ఉష్ణోగ్రతే డ్యూ పాయింట్. హ్యుమిడిటీ శాతం పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉండి మనల్ని తికమకపెడుతుంది. డ్యూ పాయింట్ అలా కాదు, గాలిలో ఆవిరి పెరిగితేనే పెరుగుతుంది. ఉరుముల మేఘానికి ఇంధనం ఆ ఆవిరే. ఒక కిలో ఆవిరి నీరుగా మారేటప్పుడు దాదాపు 25 లక్షల జౌళ్ళ వేడి బయటికొస్తుంది. సున్నా డిగ్రీల దగ్గరున్న 6 లీటర్ల నీళ్ళను మరిగే స్థాయికి తేవడానికి అది చాలు. ఆ వేడితోనే మేఘంలోని గాలి ఇంకా పైకి, ఇంకా వేగంగా లేస్తుంది. ఈ మైదానాల్లో డ్యూ పాయింట్ 16 డిగ్రీలు దాటితే సూచనలు తయారుచేసేవాళ్ళు కుర్చీలో నిటారుగా కూర్చుంటారు.

కోల్డ్ ఫ్రంట్ చేసే పని సూటిగానే ఉంటుంది. ఉత్తరం నుంచి దిగే చల్లగాలి బరువైనది కాబట్టి వెచ్చటి గాలి కిందికి దూరి, దాన్ని పైకి ఎత్తేస్తుంది. ఆ అంచు వెంట ఉరుముల వరుస లేస్తుంది. దాని వెనక పొడిగాలి. ఒక్కోసారి ఈ మార్పు నమ్మలేనంత తీవ్రంగా ఉంటుంది. వసంతంలో కాదుగానీ, 1911 నవంబర్ 11న ఓక్లహోమా సిటీలో 28 డిగ్రీల దాకా వెళ్ళిన ఉష్ణోగ్రత అదే రోజు అర్ధరాత్రికి మైనస్ 8కి పడిపోయింది.

అసలు విషయం ఆ ఫ్రంట్ ఎంత దూరం వెళ్ళి ఆగిందన్నది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో లోపలి దాకా ఊడ్చుకుంటూ పోతే సముద్రం మీది గాలి కూడా పొడిబారుతుంది, మళ్ళీ తేమ పట్టడానికి రోజులు పడుతుంది. టెక్సస్ మధ్యలోనే నీరసించి ఆగిపోతే మాత్రం తేమ అక్కడే, గుమ్మం దగ్గరే ఉంటుంది. ఫ్రంట్ వెనక వచ్చిన అధిక పీడనం తూర్పుకు జరగగానే దాని పడమటి వైపు దక్షిణపు గాలి మొదలవుతుంది. ఆగిపోయిన ఫ్రంట్ అదే దారిన వెనక్కి, ఉత్తరానికి నడుస్తుంది. నిన్న 3 డిగ్రీలున్న డ్యూ పాయింట్ రేపటికి 17 కావచ్చు.

ఇందులో జనం అస్సలు ఊహించని ఘట్టం ఒకటుంది. నేల దగ్గర చల్లగాలి ఇంకా పలుచగా పరుచుకునే ఉంటుంది, దాని మీదుగా తేమగాలి పాకుతుంది. స్వెట్టర్ వేసుకుని నిద్రపోయిన రాత్రి రెండింటికి వడగళ్ళు పడేది ఇలాగే.

తేమ ఉన్నంత మాత్రాన ఉరుములు ఖాయమని కాదు. మెక్సికో పీఠభూమి నుంచి వచ్చే వేడి పొడిగాలి తేమగాలి మీద మూతలా కూర్చుంటుంది. మూత పలుచగా ఉంటే పొద్దున్నే ఎక్కడపడితే అక్కడ చిన్న మేఘాలు లేచి శక్తి వృథా అవుతుంది. మరీ మందంగా ఉంటే సాయంత్రం దాకా ఎండే, సూచన తప్పిందని తిట్లు. మధ్యస్థంగా ఉంటేనే ప్రమాదం. మధ్యాహ్నం దాకా శక్తి పోగై, నాలుగింటికి మూత ఒకచోట తెరుచుకుంటే గంటలోపే మేఘం పది కిలోమీటర్లు దాటి ఎదుగుతుంది. దానికి తోడు కింద ఆగ్నేయపు గాలి, పైన అంతకంటే వేగంగా పడమటి గాలి వీస్తుంటే మేఘం మొత్తం తిరగడం మొదలుపెడుతుంది. దాన్నే సూపర్‌సెల్ అంటారు. పెద్ద వడగళ్ళు, టోర్నడోలు (మేఘం నుంచి నేలదాకా దిగే సుడిగాలులు) ఎక్కువగా పుట్టేది ఇందులోనే.

పెద్ద వడగల్లును సగానికి కోస్తే లోపల వలయాలు కనిపిస్తాయి, గాజులా తేటగా ఒకటి, పాలలా తెల్లగా ఒకటి. నీళ్ళు ఎక్కువగా తగిలి నెమ్మదిగా గడ్డకట్టినచోట గాలి బుడగలు తప్పించుకుంటాయి, అది తేట పొర. తగిలిన వెంటనే గడ్డకడితే బుడగలు లోపలే చిక్కుకుంటాయి, అది తెల్ల పొర. ఒక్కో వలయానికి వడగల్లు ఒకసారి పైకెళ్ళి కిందికొచ్చిందని స్కూల్లో చెప్పే లెక్క అంత ఖచ్చితం కాదు. ఒకే ప్రయాణంలో రకరకాల మేఘ భాగాల గుండా వెళ్ళినా వలయాలు ఏర్పడతాయి. 2010 జులై 23న సౌత్ డకోటాలోని వివియన్‌లో పడిన వడగల్లు అడ్డంగా 20 సెంటీమీటర్లు, బరువు దాదాపు 880 గ్రాములు.

1948 మార్చి 20న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరాన్ని టోర్నడో దెబ్బతీసింది. అక్కడి వాతావరణ అధికారులు ఫాబుష్, మిల్లర్ ఐదు రోజుల తర్వాత మ్యాపుల్లో అదే తీరు గమనించి హెచ్చరిక జారీచేశారు. ఆ సాయంత్రమే స్థావరం మీదికి మరో టోర్నడో వచ్చింది. ఇప్పుడు ఆ పని నార్మన్‌లోని స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ రోజూ చేస్తోంది. దాని మ్యాపులో 15 శాతం అని ఉంటే మీ ఇంటి మీద అని కాదు, మీకు 40 కిలోమీటర్ల లోపు ఎక్కడైనా తీవ్రమైన ఘటన జరిగే అవకాశమని అర్థం. టోర్నడో వాచ్ వస్తే పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయని, ఫోన్ ఛార్జింగ్ చూసుకోమని. వార్నింగ్ అంటే టోర్నడో రాడార్‌లోనో ఎవరి కంటికో కనిపించిందని. అప్పుడు కిటికీలు లేని లోపలి గదిలోకి, వీలైతే నేలమాళిగలోకి వెళ్ళిపోవాలి.