సంతకానికి వెనకాడిన శాస్త్రవేత్తలు

1964లో హైదరాబాదులో ఒక చిన్న సంఘం పుట్టింది. శాస్త్రీయ దృక్పథాన్ని ప్రచారం చేయడం దాని పని. ముందు నిలబడినవారు జీవరసాయన శాస్త్రవేత్త పుష్ప మిత్ర భార్గవ. తర్వాత ఇస్రోకు సారథి అయిన సతీశ్ ధావన్ కూడా ఆ ప్రయత్నంలో ఉన్నారు. సభ్యులు కావాలంటే ఒక ప్రకటన మీద సంతకం పెట్టాలి. జ్ఞానం మనిషి ప్రయత్నం వల్లే వస్తుందనీ, దైవవాణిగా దిగిరాదనీ, మన సమస్యలను అతీత శక్తులను పిలవకుండా మన బుద్ధితో, నీతితోనే ఎదుర్కోవాలనీ ఆ ప్రకటన సారాంశం.

తాము కలిసిన శాస్త్రవేత్తల్లో చాలామంది సంతకం పెట్టలేదని భార్గవ తర్వాతి రోజుల్లో ఎన్నోసార్లు బాధతో చెప్పుకున్నారు. రోజంతా ప్రయోగశాలలో రుజువు కోసం వెతికేవాళ్లు, ఆ రుజువే ప్రమాణమని నలుగురిలో చెప్పడానికి జంకారు. సైన్సునూ లౌకికవాదాన్నీ కాపాడుకోవడం గురించి ఈ దేశంలో ఇప్పుడు జరుగుతున్న వాదనలన్నిటికీ ఆ జంకే మొదలని నేను అనుకుంటాను.

‘శాస్త్రీయ దృక్పథం’ అనే మాటను దేశానికి అలవాటు చేసింది నెహ్రూ. 1944లో అహ్మద్‌నగర్ కోట జైల్లో రాసి, 1946లో అచ్చయిన ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’లో దాన్ని ఒక జీవన విధానంగా వివరించారు. ముప్పై ఏళ్ల తర్వాత, 1976లో, 42వ సవరణ ఆ మాటను రాజ్యాంగంలోకి తెచ్చింది. శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, జిజ్ఞాసను, సంస్కరణ స్ఫూర్తిని పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి కర్తవ్యమని 51ఎ అధికరణంలోని ‘హెచ్’ క్లాజు చెబుతుంది. అప్పటి విద్యామంత్రి నూరుల్ హసన్‌కు ఈ ఆలోచన అందించింది తానేనని భార్గవ చెప్పేవారు.

పీఠికలోకి ‘సెక్యులర్’ అనే మాట వచ్చిందీ ఆ సవరణతోనే. తెలుగులో దాన్ని ‘లౌకిక’ అంటున్నాం, అంటే లోకానికి సంబంధించినది. నాకు ఈ అనువాదం మూలం కన్నా బాగుందనిపిస్తుంది. ఎవరి దేవుడు ఎవరన్నది ఇంటి సంగతి. పదిమంది సొమ్ముతో పదిమంది కోసం తీసుకునే నిర్ణయానికి ఆధారం మాత్రం అందరూ చూడగలిగేదీ, పరీక్షించగలిగేదీ అయి ఉండాలి. సైన్సు, లౌకికత కలిసేది అక్కడే.

ఎమర్జెన్సీలో వచ్చిన సవరణ కాబట్టి ఈ మాటలకు విలువ లేదనే వాదన ఉంది. కోర్టుల అధికారాన్ని కత్తిరించిన సవరణ అది, ఆ తప్పు తప్పే. అయితే దానిలోని చాలా భాగాలను తర్వాతి పార్లమెంటు 43, 44 సవరణలతో తొలగించి కూడా ఈ మాటలను ఉంచింది. పీఠికలో ‘సెక్యులర్’ ఉండకూడదన్న పిటిషన్లను 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

రాజ్యాంగం కంటే చాలా ముందే ఈ పని చేసినవాళ్లు మనకున్నారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన గోరా (గోపరాజు రామచంద్రరావు) నాస్తికత కారణంగా 1933లో కాకినాడలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. గ్రహణం చూస్తే గర్భిణికి కీడని జనం వణికే రోజుల్లో ఆయన భార్య సరస్వతి గర్భవతిగా ఉండి బయటికొచ్చి గ్రహణం చూశారు. అన్ని ఉపన్యాసాల పని ఆ ఒక్క చర్య చేసింది.

అయినా ఆ భయం ఎంత మొండిదో 1980 ఫిబ్రవరి 16న తేలింది. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు కెమెరాలు బిగించుకుని కూర్చుంటే, జనం తలుపులు బిగించుకుని ఇళ్లలో కూర్చున్నారు. మరుసటి ఏడాది భార్గవ, అణుశాస్త్రవేత్త రాజా రామన్న, ఇందిరాగాంధీకి ఒకప్పటి సలహాదారు పి.ఎన్. హక్సర్ తదితరులు శాస్త్రీయ దృక్పథంపై ఒక ప్రకటన విడుదల చేశారు. సామాజిక చింతకుడు అశీష్ నంది దానికి గట్టి జవాబు రాశారు. సైన్సు పేరుతో రాజ్యం సామాన్యుడి మీద పెత్తనం చేస్తుందని ఆయన అభ్యంతరం. ఆ మాటను తీసిపారేయకూడదు. సైన్సు జనాన్ని తక్కువ చేసి మాట్లాడితే వాళ్ల చెవికెక్కదు.

ఆ సంగతి బాగా తెలిసినవాళ్లు బాణామతి అనే చేతబడి నమ్మకం మీద పనిచేసినవాళ్లే. తెలంగాణ పల్లెల్లో, ముఖ్యంగా మెదక్ ప్రాంతంలో, ఎవరికైనా అంతుపట్టని జబ్బు చేస్తే బాణామతి చేశారనేవారు. అనుమానం వచ్చి పడేది చాలాసార్లు ఒంటరి ముసలిదాని మీదో, దళితుడి మీదో. మంత్రం సరిగా పలకకుండా పళ్లు ఊడగొట్టేవారు, కొట్టి చంపేవారు, కాల్చేసేవారు. 1980ల్లో నాస్తిక కేంద్రం తరఫున డాక్టర్ సమరం బృందం మెదక్ పల్లెలకు వెళ్లింది. ఆ పనిలో వైద్యులతో పాటు మానసిక నిపుణులూ, ఇంద్రజాలికులూ పాలుపంచుకున్నారు. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక కూడా ఈ దారిలోనే నడిచింది. మిథైల్ ఆరెంజ్ పూసిన కత్తితో నిమ్మకాయ కోస్తే ఎర్రటి రసం కారుతుంది. పొటాషియం పర్మాంగనేటు మీద గ్లిజరిన్ పోస్తే అగ్గిపుల్ల లేకుండానే మంట లేస్తుంది. ముందు మంత్రగాడిలా చేసి చూపించి, తర్వాత గుట్టు విప్పితే ఊరు ఊరంతా వింటుంది. వాదించడంలో ఇంతకన్నా మర్యాదైన పద్ధతి నాకు తెలియదు.

రాజ్యాంగంలో ఉన్న మాటకు కోర్టులో ఎంత బలముందో 2001 తర్వాత తెలిసింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయాలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ యూజీసీ, విశ్వవిద్యాలయాల్లో ‘జ్యోతిర్విజ్ఞాన్’ పేరుతో జ్యోతిష కోర్సులు పెట్టడానికి ముందుకొచ్చింది. జ్యోతిషాన్ని ఎవరైనా నమ్ముకోవచ్చు, కానీ ప్రజల డబ్బుతో, సైన్సు పేరు తగిలించి డిగ్రీలు ఇవ్వడం వేరు. భార్గవ, మరికొందరు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. ఇది సైన్సు కాదన్నారు, లౌకికతకు విరుద్ధమన్నారు. హైకోర్టు కొట్టేసింది. 2004 మేలో సుప్రీంకోర్టు కూడా అప్పీలును తోసిపుచ్చింది. ఏం బోధించాలో నిపుణుల సంస్థ తేల్చుకోవాలి, కోర్టు కాదన్నది న్యాయమూర్తుల ఉద్దేశం. పైగా కోర్సు ఐచ్ఛికమే కదా అన్నారు. కోర్టుల హద్దు నాకు అర్థమవుతుంది. నన్ను కలచివేసేది ఆ నిపుణుల సంస్థే ఈ పని చేయడం. సైన్సు అకాడమీలు ఇలాంటి విషయాల్లో నోరు విప్పవని భార్గవ 1994లోనే మూడు జాతీయ అకాడమీల ఫెలోషిప్పులు వదులుకున్నారు.

ఈ మౌనానికి మూల్యం బయటివాళ్లు చెల్లించారు. మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ మూఢనమ్మకాల వ్యతిరేక చట్టం కోసం ఏళ్ల తరబడి తిరిగారు. దేవుడి మీద నమ్మకాన్ని ఆయన నేరమనలేదు, నమ్మకం పేరుతో హింసించడం, దోచుకోవడం నేరం కావాలన్నారు. బిల్లు నానుతూనే ఉంది. 2013 ఆగస్టు 20 ఉదయం పుణెలో నడకకు వెళ్లిన ఆయన్ని కాల్చి చంపారు. నాలుగు రోజుల్లో ఆర్డినెన్సు, ఆ డిసెంబరులో చట్టం వచ్చాయి. కాల్చిన ఇద్దరికి యావజ్జీవ శిక్ష పడేసరికి 2024 మే అయింది. ఈలోగా కమ్యూనిస్టు నాయకుడు పన్సారే, కన్నడ పండితుడు కల్బుర్గి, పాత్రికేయురాలు గౌరీ లంకేశ్ కూడా తుపాకులకు బలయ్యారు. కర్ణాటక 2017లో ఇలాంటి చట్టం చేసుకుంది. బాణామతి పేరుతో ఇంత నెత్తురు చూసిన తెలుగు నేల మీద మాత్రం ప్రత్యేక చట్టం లేదు.

2017 ఆగస్టు 1న హైదరాబాదులో భార్గవ కన్నుమూశారు. సరిగ్గా ఎనిమిది రోజులకు, ఆగస్టు 9న, దేశంలోని ఎన్నో నగరాల్లో శాస్త్రవేత్తలు, విద్యార్థులు సైన్సు కోసం వీధుల్లోకి వచ్చి 51ఎ అధికరణాన్ని అమలు చేయమని అడిగారు. 2023 ఏప్రిల్లో, పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్సీఈఆర్టీ పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి జీవపరిణామ పాఠాన్ని తీసేసినప్పుడు, 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. 1964లో ఆయన అడిగిన సంతకాలు అరవై ఏళ్లకు వచ్చాయి.

పాఠం మాత్రం వెనక్కి రాలేదు. ‘అనువంశికత, పరిణామం’ అన్న అధ్యాయం ‘అనువంశికత’గా మిగిలింది. 2024-25 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పదో తరగతికీ ఎన్సీఈఆర్టీ పాఠ్యాంశాలే వచ్చాయి. ఆ తర్వాత ఇంటర్లో బైపీసీ తీసుకోని పిల్లలకు డార్విన్ తరగతి గదిలో ఎదురయ్యే అవకాశం దాదాపు లేదు.