వెబ్ ప్యానెల్ పెడదామా? ఆ ప్రశ్న వెనక పాతికేళ్ల కథ

విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల షాపుకైనా, బందరు రోడ్డులో ల్యాబ్‌కైనా ఓ మూల చిన్న లైనక్స్ సర్వర్ ఉంటే, దాన్ని చూసుకునేది సాధారణంగా ఒక్క మనిషే. “ఆ నల్ల స్క్రీన్ ఎందుకయ్యా, బ్రౌజర్‌లో నొక్కితే పనైపోయేలా పెట్టు” అని ఓనర్లు అడుగుతుంటారు. అంటే కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ బదులు వెబ్ ప్యానెల్ కావాలని. ఆ మనిషి సెలవు పెడితే పని ఆగిపోతుందన్న టెన్షన్ వాళ్లది. కాబట్టి అడగడంలో తప్పు లేదు.

దూరం నుంచి సర్వర్ నడపడానికి మొదట్లో టెల్‌నెట్ అనే ప్రోగ్రామ్ వాడేవాళ్లం. అందులో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు వైరు మీద వెళ్లేది. 1995లో ఫిన్లాండ్‌లో టాటు యూలోనెన్, అంతా రహస్య సంకేతాల్లో పంపే ఎస్‌ఎస్‌హెచ్ రాశాక ఆ బెడద తీరింది గానీ, కమాండ్లు నేర్చుకోవడం తప్పలేదు. 1997లో జేమీ కామెరాన్ పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వెబ్‌మిన్ అనే వెబ్ ప్యానెల్ తెచ్చాడు. బ్రౌజర్‌లో సర్వర్ పోర్ట్ (నంబరున్న ద్వారం లాంటిది) 10000 తెరిస్తే యూజర్లు, డిస్కులు, మెయిల్, అన్నీ ఒకే పేజీలో. పుస్తకం ముందు పెట్టుకుని కుస్తీ పట్టేవాళ్లకి అది నిజంగా పెద్ద ఆసరా.

లైనక్స్ సర్వర్‌లోని ఫైళ్లని విండోస్ కంప్యూటర్లతో పంచుకునే సాంబా ప్రోగ్రామ్‌కీ స్వాట్ అనే వెబ్ పేజీ ఉండేది. అందులో సేవ్ నొక్కితే సెట్టింగుల ఫైల్ మొత్తం తిరగరాసి, మనం రాసుకున్న కామెంట్లన్నీ తుడిచేసేది. ఈ లైను ఎందుకు పెట్టామో చెప్పే గుర్తులు అలా పోతే, తర్వాత వచ్చేవాడు పడే అవస్థ అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. భద్రతా లోపాలు, చూసుకునేవాళ్లు లేకపోవడం కలిసి 2013లో సాంబా 4.1 నుంచి స్వాట్‌ని తీసేశారు.

అసలు దెబ్బ 2019 ఆగస్టులో తగిలింది. వెబ్‌మిన్ తయారయ్యే సర్వర్‌లోకి ఎవరో 2018 ఏప్రిల్‌లోనే చొరబడి దొంగదారి పెట్టారని బయటపడింది. 1.890 వెర్షన్‌ని ఉన్నదున్నట్టు ఇన్‌స్టాల్ చేసినా చాలు, పాస్‌వర్డ్ లేకుండానే బయటివాళ్లు కమాండ్లు నడపగలిగేవారు. వెబ్‌మిన్ నడిచేదే రూట్ అధికారంతో, అంటే సర్వర్‌లో ఏదైనా చేయగల అధికారంతో కాబట్టి, అది చేజారితే సర్వర్ మొత్తం చేజారినట్టే. 1.930తో సరిచేశారు.

లైనక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వాళ్ల ప్యానెల్ కాక్‌పిట్ వేరే దారి పట్టింది. సిస్టమ్‌లో మన లాగిన్‌కి ఎంత అధికారం ఉందో దానికీ అంతే. ఎవరైనా పేజీ తెరిస్తేనే అది లేస్తుంది. టెర్మినల్‌లో చేసిన మార్పు అక్కడా కనిపిస్తుంది. ప్యానెల్ కావాలనేవాళ్లకి నేను దీన్నే పెడతాను, అదీ 9090 పోర్ట్ ఇంటర్నెట్‌కి తెరవకుండా, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (ఎస్‌ఎస్‌హెచ్‌తో వేసుకునే రహస్య దారి) లోంచి మాత్రమే. టెర్మినల్ మాత్రం నేర్పకుండా వదలను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మేడ మీద చిక్కుకున్నాం. ఆటోనగర్‌లో సర్వర్ యూపీఎస్ మీద ఉంది. ఫోన్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంది, ప్యానెల్ పేజీ ఎంతకీ తెరుచుకోలేదు. ఎస్‌ఎస్‌హెచ్‌లో మాత్రం అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. బ్యాకప్ అయిందని చూసుకుని షట్‌డౌన్ చేశాను.