కణాలు దొరికాయి, సంచే కుదరట్లేదు

షుగర్ అనగానే ఇంట్లో పెద్దవాళ్ల మెట్‌ఫార్మిన్ డబ్బా గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది ఆ షుగర్ గురించి కాదు, టైప్ 1 గురించి. ఇందులో ఒంటి రక్షణ వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని చంపేస్తుంది. ఇక జీవితాంతం సూదులే. ఆ కణాల్ని బయటి నుంచి తెచ్చి పెట్టొచ్చు కదా అంటారా? పెట్టారు. 2000లో కెనడాలోని ఎడ్మంటన్‌లో దాతల క్లోమం నుంచి తీసిన ఐలెట్లు, అంటే బీటా కణాలుండే గుంపులు, ఏడుగురికి ఎక్కిస్తే ఏడుగురూ ఇన్సులిన్ మానేశారు. కాకపోతే రక్షణ వ్యవస్థను అణచే మందులు రోజూ మింగాలి. సూది బెడద పోయి ఇన్‌ఫెక్షన్ల భయం పట్టుకుంది.

మందుల్లేకుండా కాపాడాలంటే కణాలకో సంచి కావాలి. ఈ ఆలోచన పాతదే, 1980లోనే లిమ్, సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల్లో చేసి చూపించారు. వాడింది ఆల్జినేట్, గోధుమ రంగు సముద్రపు నాచు నుంచి తీసే జిగురు. ఐలెట్లు కలిపిన ఆ జిగురును సన్నటి సూదిలోంచి కాల్షియం క్లోరైడ్ నీళ్లలోకి చుక్కలుగా వదిలితే, బూందీ చట్రంలోంచి నూనెలో పడ్డ పిండిలాగా పడీ పడగానే గుండ్రంగా గట్టిపడుతుంది. అచ్చం ఉడికిన సగ్గుబియ్యం గింజే, మధ్యలో ఓ నలుసు. ఆ నలుసే ఐలెట్.

గ్లూకోజ్ అణువు బరువు 180 డాల్టన్లు (అణువుల్ని తూచే కొలత), ఇన్సులిన్‌ది సుమారు 5,800, దాడికొచ్చే యాంటీబాడీది లక్షన్నర. కాబట్టి గింజ చుట్టూ ఉండే పొరలో రంధ్రాలు సరిగ్గా కుదిరితే చిన్నవి వస్తూ పోతూ ఉంటాయి, పెద్దవి బయటే ఆగిపోతాయి. కాగితం మీద భలే ఉంటుంది.

తంటా ఎక్కడొచ్చిందంటే, ఒంటికి ఆ గింజ కూడా పరాయిదే. ముల్లు విరిగి కాల్లో ఉండిపోతే చుట్టూ గట్టిపడుతుంది చూడండి, అలాగే తెల్లకణాలు గింజ చుట్టూ చేరి కొలాజెన్ అనే ప్రోటీన్‌తో పొర కట్టేస్తాయి. లోపలికి ఆక్సిజన్ అందదు. ఐలెట్లకేమో ఊపిరి ఎక్కువ కావాలి. క్లోమంలో అవి ఒకటి రెండు శాతమే అయినా అక్కడికొచ్చే రక్తంలో పదో వంతుకు పైగా వాటికే పోతుంది.

2015లో అమెరికాలోని ఎం.ఐ.టి. బృందం ఒక విచిత్రం గమనించింది. గింజ అర మిల్లీమీటరు కాకుండా ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటే ఈ పొర చాలా తక్కువ కడుతోంది. ఇంకేం, పెద్దవే చేద్దాం అనుకుంటాం. కానీ లెక్క వేయండి. 60 కిలోల మనిషికి సుమారు 6 లక్షల ఐలెట్లు కావాలి. చిన్న గింజకొకటి చొప్పున పెడితే మొత్తం 40 మిల్లీలీటర్లు, చిన్న టీ గ్లాసులో సగం కూడా కాదు. పెద్ద గింజ పరిమాణం 27 రెట్లు, అంటే లీటరు దాటిపోతుంది! పోనీ ఒక్కో దాంట్లో నాలుగైదు కుక్కితే నడిమధ్య ఉన్నవి ఊపిరాడక చస్తాయి.

2025లో ఈ కథ ఇంకా స్పష్టంగా బయటపడింది. వెర్టెక్స్ అనే మందుల కంపెనీ మూలకణాల (వేరే రకం కణాలుగా మారగలిగే కణాల) నుంచి పెంచిన ఐలెట్లను సంచి లేకుండా, అణచే మందులతో ఇస్తే, పూర్తి డోసు తీసుకుని ఏడాది నిండిన 12 మందిలో 10 మందికి ఇన్సులిన్ సూది అవసరం లేకపోయింది. అవే కణాల్ని సంచిలాంటి పరికరంలో పెట్టి, మందుల్లేకుండా అమర్చితే చాలినంత ఇన్సులిన్ రాలేదు. ఆ ట్రయల్ ఆపేశారు. చిక్కు కణాల్లో కాదు, సంచిలోనే ఉందనడానికి నాకైతే ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

స్వీడన్‌లోని ఉప్సలాలో ఇంతకుముందు, రోజూ బయటి నుంచి ఆక్సిజన్ నింపే పరికరాన్ని నలుగురిలో అమర్చి చూశారు. ఐలెట్లు బతికాయి గానీ షుగర్ మీద ప్రభావం కనిపించలేదు. అదే ఊళ్లో ఈమధ్య సంచి అన్న మాటే పక్కన పెట్టి, రక్షణ వ్యవస్థ కంట పడకుండా జన్యువులు సవరించిన దాత కణాల్ని ఒక మనిషి ముంజేతి కండరంలోకి ఎక్కించారు. అణచే మందులు ఇవ్వలేదు. పన్నెండు వారాల తర్వాతా అవి ఇన్సులిన్ తయారుచేస్తూనే ఉన్నాయి. ఎక్కించింది చాలా చిన్న డోసు కాబట్టి, ఆయనకు ఇన్సులిన్ సూది ఇంకా తప్పలేదు.